రెండు ఘటాలతో వెళ్లి, ఒక ఘటంతో వచ్చాం

మొదటి రోజు: నరితా

జపాన్‌లోని నరితా విమానాశ్రయంలో కస్టమ్స్ బల్ల మీద నా ఘటం పెట్టగానే అక్కడి అధికారి లోపలికి తొంగి చూశాడు. చిన్న టార్చి వేసి మళ్లీ చూశాడు. "లోపల ఏముంది?" అని ఇంగ్లీషులో అడిగాడు. ఏమీ లేదండీ, గాలే అన్నాను. నమ్మకం కుదిరినట్టు లేదు. నిలబడే మెడ దగ్గర చూపుడు వేలితో ఒక్క 'నం' వేశాను. అతని కళ్లు పెద్దవయ్యాయి. పక్క బల్ల అమ్మాయిని పిలిచి ఇంకోసారి వాయించమని సైగ చేశాడు. వాయించాను. ఇద్దరూ తల వంచి నమస్కారం పెట్టి మమ్మల్ని పంపేశారు.

మేం నలుగురం. పాడేది అక్క. మాకెవరికీ సొంత అక్క కాదు గానీ పదిహేనేళ్లుగా కలిసి కచేరీలు చేస్తున్నాం, వేరే పిలుపు నోటికి రాదు. మృదంగం మాష్టారిది. ఆయనకు అరవై దాటాయి. వయొలిన్ కుర్రాడు మా అందరికీ తమ్ముడు. ఎనిమిది రోజుల్లో నాలుగు కచేరీలు: టోక్యో, హమమత్సు, క్యోతో, నార. ఖాళీ దొరికిన ప్రతి పూటా ఊరు చూడాలని విజయవాడలోనే గట్టిగా అనుకుని బయల్దేరాం. ఇంతకు ముందు చేసిన విదేశీ ప్రయాణాల్లో హాలు, హోటలు, ఎయిర్‌పోర్టు తప్ప ఏమీ చూడలేదన్న బాధ మాష్టారికి చాలా ఉంది.

నేను రెండు ఘటాలు తెచ్చుకున్నాను. ఒకటి చేతిలో, ఒకటి లగేజీలో. ఘటం వాయించేవాడి కష్టం ఒక్క ముక్కలో చెప్పాలంటే, దీనికి శ్రుతి చేయడమనేది లేదు. మృదంగానికి రాయీ పుల్లా పట్టుకుని అంచు మీద కొట్టి కాస్త పెంచుకోవచ్చు, దించుకోవచ్చు. ఘటం కుమ్మరి చేతిలో ఏ శ్రుతిలో పుట్టిందో ఆ శ్రుతిలోనే ఉంటుంది. లోపల క్లే అంటిస్తే పిసరంత దిగుతుంది, అంతే. నావి రెండూ తమిళనాడులోని మానామదురై నుంచి తెచ్చుకున్నవి. రెండూ అక్క పాడే ఐదు శ్రుతివే. పాట ఏ ఎత్తులో పాడాలో ఇలా అంకెతో చెబుతాం, అంకె తగ్గితే శ్రుతి దిగినట్టు. ఒకటి పగిలితే ఇంకొకటి ఉంటుందని ధైర్యం.

నిషి-కసాయిలో ఒక తెలుగువాళ్లింట్లో మా బస. టోక్యోలో ఆ పేట నిండా మనవాళ్లే, ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలవాళ్లు. పప్పు, దొండకాయ వేపుడు, మజ్జిగ పెట్టారు. తిన్నాక అట్టపెట్టె విప్పి, రెండు బొంతల మధ్య నుంచి రెండో ఘటం తీశాను. పైకి బాగానే ఉంది. తట్టాను. 'నం' రాలేదు. 'బొక్' అంది. దీపం కిందికి తీసుకెళ్లి చూస్తే మూతి నుంచి పొట్ట దాకా వెంట్రుకంత చీలిక. మాష్టారు నా భుజం మీద చెయ్యి వేసి ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. ఆ రాత్రి మిగిలిన ఘటాన్ని పక్క మీదే పెట్టుకుని పడుకున్నాను.

రెండో రోజు: టోక్యో

పొద్దున్నే అసాకుసా గుడికి వెళ్లాం. పెద్ద ఎర్ర లాంతరు, దాని కింద ఫొటోల రద్దీ. ఎక్కువసేపు ఉండలేదు. మా మనసంతా ఉఎనో మీదే ఉంది, ఎందుకంటే అక్కడ సరస్వతీదేవి ఉంది.

జపాన్‌లో ఆమె పేరు బెంజాయ్‌తెన్. మన సరస్వతే బౌద్ధంతో పాటు చైనా మీదుగా వచ్చి ఇక్కడ స్థిరపడింది. నదిగా పుట్టిన దేవత కదా, అందుకే ఆమె గుళ్లు చాలావరకు నీటి మధ్యనో నీటి ఒడ్డునో ఉంటాయి. ఉఎనోలో షినోబజు చెరువు మధ్య దీవి మీద ఉంది ఆమె గుడి. చేతిలో వీణ బదులు బివా అనే నాలుగు తీగల వాద్యం. గుడి ఆవరణలో బివా బొమ్మ కూడా పెట్టారు. నవంబరు కాబట్టి చెరువులో తామరాకులన్నీ ఎండి గోధుమ రంగుకు తిరిగి కాడల మీద వేలాడుతున్నాయి. ఆ ఆవరణలోనే కళ్లద్దాలకు ఒక స్మారక శిల ఉంది. ఇన్నేళ్లు మనకు పనికొచ్చిన వస్తువుకు కృతజ్ఞత చెప్పుకునే అలవాటు వాళ్లది. మాష్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ శిలకు కూడా దండం పెట్టారు. అక్క గుడి మెట్ల పక్కన నిలబడి, బయటికి వినపడీ వినపడకుండా సరస్వతీ శ్లోకం చదువుకుంది.

రైలు స్టేషన్లలో ఒక వింత. తలుపులు మూసుకునే ముందు చిన్న పాట ముక్క వినిపిస్తుంది, ఒక్కో స్టేషన్‌కు ఒక్కోటి. తమ్ముడు వాటిని స్వరాల్లో రాసుకోవడం మొదలుపెట్టాడు. చాలావాటికి ఆరోహణలో మధ్యమం, నిషాదం లేవు. వీళ్ల పాటల్లో బాగా వాడుకలో ఉన్న ఒక స్వర వరసకు యొననుకి అని పేరు. నాలుగూ ఏడూ తీసేసినది అని ఆ మాటకు అర్థం. అంటే స రి గ ప ద. మన మోహన రాగం! ఆ సంగతి తెలిసిన క్షణం నుంచి ప్రతి ఊళ్లోనూ మోహన పాడాలని అక్క తీర్మానించేసింది.

సాయంత్రం కచేరీ మా ఇంటి కచేరీలాగే జరిగింది. సగం మంది తెలుగువాళ్లు, పిల్లాపాపలతో వచ్చారు. త్యాగరాజ కీర్తనకు ముందు వరసలో ఒక పాప తొడ మీద ఆదితాళం వేస్తూ కూర్చుంది, ఒక్క దెబ్బ తప్పలేదు. గ్రీన్‌రూములో మాష్టారు తొప్పికి పెట్టడానికి బొంబాయి రవ్వ తడిపి ముద్ద చేస్తుంటే, మాకు సాయం చేస్తున్న జపాన్ అబ్బాయి అది ఆయన భోజనమనుకుని వేడి నీళ్లు తెచ్చిచ్చాడు. అది మృదంగం ఎడమ మొహానికి బరువు, గుంభనం ఇచ్చే ముద్ద అని చెప్పి, పెట్టక ముందు ఒకసారి, పెట్టాక ఒకసారి వాయించి చూపించారు మాష్టారు. ఆ అబ్బాయి కచేరీ అయ్యేదాకా ఆయన ఎడమ చెయ్యే చూస్తూ ఉన్నాడు.

మూడో రోజు: హమమత్సు

షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో కుడివైపు కిటికీ సీట్లు అడిగి తీసుకున్నాం. మిషిమా దాటాక ఫూజీ కొండ కనిపించింది. పైన మంచు, కింద ఫ్యాక్టరీ గొట్టాలు, ఇళ్ల కప్పులు. ఒక్క మబ్బు కూడా లేదు. తమ్ముడు ఫొటో తీయడం మర్చిపోయి అలా చూస్తూ ఉండిపోయాడు, మంచిదే అయింది.

హమమత్సుకు యాత్రికులు పెద్దగా వెళ్లరు. సంగీతం వాళ్లు మాత్రం తప్పక వెళ్లాల్సిన ఊరు. యమహా, కవాయ్, రోలాండ్ మూడూ ఇక్కడివే. 2014లో యునెస్కో దీన్ని సంగీత నగరాల జాబితాలో చేర్చింది. కథ మొదలైంది 1887లో. ఊళ్లో ఒక బడిలో ఉన్న అమెరికా రీడ్ ఆర్గాన్ పాడైతే, వైద్య పరికరాలు బాగు చేసే తొరకుసు యమహా అనే ఆయన్ను పిలిచారు. ఆయన దాన్ని విప్పి, లోపలున్నదంతా గీసుకుని, తనే ఒకటి తయారు చేశాడు. తయారు చేసినదాన్ని ఇంకొకాయనతో కలిసి కావిడికి కట్టి, హకోనె కనుమలు నడిచి దాటి టోక్యో సంగీత పాఠశాలకు మోసుకెళ్లాడు. అక్కడివాళ్లు విని, పెట్టె బాగుంది, శ్రుతి బాగాలేదు అన్నారు. ఆయన కోపం తెచ్చుకుని తిరిగి రాలేదు. అక్కడే ఒక నెల ఉండి శ్రుతి శాస్త్రం నేర్చుకుని, ఊరికొచ్చి రెండోది చేశాడు. అది నెగ్గింది. కంపెనీ గుర్తులో మూడు శ్రుతిదండాలు ఒకదాని మీద ఒకటి ఉండటం ఎన్నో కీబోర్డుల మీద చూశాను గానీ, ఆ నెల రోజుల చదువు సంగతి నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది. మన పౌరాణిక నాటకాల హార్మోనియం కూడా ఆ రీడ్ జాతిదే. మాష్టారి నాన్నగారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారట. ఆ కావిడి కథ విన్నప్పటి నుంచి మాష్టారు తన మృదంగం సంచీ ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు.

స్టేషన్‌కు దగ్గర్లోనే వాద్యాల మ్యూజియం ఉంది, 1995లో తెరిచారు. లోపల అడుగు పెట్టగానే ఇండోనేషియా గమేలాన్ గంటల బారు. ప్రపంచంలో ఉన్న ప్రతి జాతివాళ్లూ తోలూ, తీగా, వెదురూ, మట్టీ తీసుకుని ఏదో ఒకటి మోగించాలని చూశారన్న సంగతి ఒకే చోట కనిపిస్తుంది. మూడు గంటలు నడిచాం, అయినా తమ్ముడిని బయటికి లాక్కురావాల్సి వచ్చింది.

మధ్యాహ్నం తర్వాత చిన్న హాల్లో కచేరీ. అది అయ్యాక ఒక పెద్దాయన దుబాసీని వెంటపెట్టుకుని నా దగ్గరికొచ్చారు. జీవితమంతా పియానోలకు శ్రుతి చేసి రిటైరైన మనిషి. ఈ కుండకు శ్రుతి ఎలా చేస్తారని అడిగారు. చేయలేమండీ అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. నాకెందుకో చీలిన ఘటం కూడా చూపించాలనిపించి పెట్టెలోంచి తీశాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, చెవి ఆనించి, వేలి కణుపుతో అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళ్లారు. కంటికి కనిపించే చీలిక ఆగిన చోటుకు ఇంకా నాలుగు వేళ్లు కిందికి పెన్సిల్‌తో గీత గీశారు. అక్కడి దాకా పోయిందట. నా గుండె జారిపోయింది. అప్పుడాయన మూతి దగ్గర పెదాలు పెట్టి సన్నగా 'ఊ' అన్నారు. స్వరం కొద్దికొద్దిగా జరుపుతూ పోయారు. ఒకచోట కుండ బదులు పలికింది. లోపలి నుంచి గుమ్మని, ఆయన గొంతు కంటే పెద్దగా. దుబాసీ చెప్పాడు: "గోడ పోయింది. గాలి బాగానే ఉంది అంటున్నారు."

నాలుగో రోజు: క్యోతో

అక్కకు జలుబు పట్టుకుంది. రైల్లో హీటరు గాలి, బయట చలి. పైగా తిండి సరిగ్గా లేదు. ఇక్కడ కూరగాయల పులుసులో కూడా ఎండుచేప రసం కలుపుతారు, శాకాహారులకు చాలా కష్టం. చిన్న షాపుల్లో దొరికే అన్నపు ముద్దలు, లోపల ఉమె అనే ఊరబెట్టిన పుల్లటి కాయ ఉన్నవి, వాటి మీదే రెండు రోజులు బతికాం. మొదట ముఖం చిట్లించాం గానీ రెండోదానికే అలవాటైపోయింది. ఉప్పూ పులుపూ తెలిసిన నాలుక కదా మనది.

సామాను దింపి సంజూసన్‌గెన్‌దోకు వెళ్లాం. దాదాపు 120 మీటర్ల పొడవున్న చెక్క మండపం, ఇప్పుడున్నది 1266లో తిరిగి కట్టినది. లోపల 1,001 కన్నన్ విగ్రహాలు. మధ్యలో కూర్చున్నది ఒకటి, అటూ ఇటూ నిలబడినవి 1,000. మన అవలోకితేశ్వరుడే కన్నన్. చెప్పులు విడిచి చెక్క నేల మీద నడుస్తుంటే ఆ బంగారు ముఖాల బారు ఎంతకీ తరగదు. మమ్మల్ని ఆపేసింది మాత్రం ముందు వరసలో కావలి కాస్తున్న 28 మంది దేవతలు. చాలామంది మనవాళ్లే. ఇంద్రుడున్నాడు, బ్రహ్మ ఉన్నాడు. రెక్కలున్న గరుడుడు పిల్లనగ్రోవి ఊదుతున్నాడు. కిన్నరుడి దగ్గర డోలు. మహోరగుడు బివా మీటుతున్నాడు. ఒక చివర ఉరుముల దేవుడు, వీపు చుట్టూ వలయంగా డోళ్లు కట్టుకుని రెండు చేతులా కొట్టబోతున్నాడు. ఉరుమును ఇక్కడివాళ్లు వాద్యకారుడిగా చూశారు! లోపల ఫొటోలు తీయనివ్వరు. మాష్టారు ఆ ఉరుముల దేవుడి ముందు ఎంతసేపు నిలబడ్డారంటే, మేం మండపం చివరి దాకా వెళ్లి తిరిగొచ్చినా ఆయన కదల్లేదు. ఆ మణికట్టు చూడరా, దెబ్బ పడక ముందు చెయ్యి అలాగే ఉండాలి అన్నారు.

నిజో కోటలో గంట మాత్రమే ఉన్నాం. అక్కడి వసారా చెక్కల మీద అడుగు వేస్తే పిట్టల్లా కిచకిచమంటాయి. కింద మేకులు ఇనుప పట్టీలకు రాసుకుని వచ్చే చప్పుడది. తమ్ముడు మెల్లగా, గట్టిగా, మడమతో, వేళ్లతో నడిచి చూశాడు. ఎలా నడిచినా పిట్టలు కూస్తూనే ఉన్నాయి.

కచేరీకి ముందు మాష్టారు అక్కతో, "గొంతు బాగాలేదు కదమ్మా, ఇవాళ్టికి నాలుగున్నరకు దిగు" అన్నారు. అక్క నా వైపు చూసింది. "వాడి ఘటం ఐదులో ఉంది కదండీ. నేను దిగితే వాడేం వాయిస్తాడు?" అని, మిరియాల కషాయం తాగి ఐదులోనే పాడింది. పైషడ్జం దగ్గర గొంతు ఒకసారి జీర పోయింది, అయినా వదల్లేదు.

ఆ కచేరీ గురించి ఇంకో మాట చెప్పాలి. జపాన్ శ్రోతలు తల ఊపరు, తాళం వేయరు, భళా అనరు. మొదటి అరగంట నాకు టెన్షన్‌గానే ఉంది, నచ్చలేదేమో అని. తనియావర్తనం, అంటే మృదంగం, ఘటం మాత్రమే వాయించే ఘట్టం వచ్చింది. మన దగ్గర తని మొదలైతే కాఫీకి లేస్తారు. ఇన్నేళ్లుగా లేచిన కుర్చీల చప్పుడు మధ్యే వాయిస్తున్నాం, అలవాటైపోయింది గానీ బాధ మాత్రం పోలేదు. ఇక్కడ ఒక్క మనిషి కదల్లేదు. ఆ నిశ్శబ్దంలో నా ఘటం మోత గోడకు తగిలి తిరిగి రావడం విన్నాను. మాష్టారు కూడా విన్నారు, ఎందుకంటే ఆయన వేగం తగ్గించేశారు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఇంత చోటు ఉందని నాకు తెలీదు. చివరి జతి వరస, కోర్వై ముగిశాక రెండు మూడు క్షణాలు ఏమీ లేదు. ఆ తర్వాత చప్పట్లు ఆగలేదు.

అయిదో రోజు: ఒహరా

నాలుగు కచేరీల మధ్య ఖాళీగా ఉన్న రోజు ఇదొక్కటే. క్యోతో స్టేషన్ నుంచి 17వ నంబరు బస్సెక్కి, గంటసేపు నిలబడి ఒహరా వెళ్లాం. కొండల మధ్య పల్లెటూరు. ఎర్రబడిన మేపుల్ ఆకుల కోసం అందరూ వస్తారు, మేం ఒక వాగు కోసం వెళ్లాం.

బౌద్ధ సన్యాసులు పాడే మంత్రగానాన్ని షోమ్యో అంటారు. సంస్కృతంలో శబ్దవిద్య అనే మాటకు చైనావాళ్లు చేసిన అనువాదమే ఆ పేరు. దానికి జపాన్‌లో పెద్ద పీఠం ఒహరా. సన్‌జెన్-ఇన్ గుడికి అటొక వాగు, ఇటొక వాగు పారుతాయి. ఒకదాని పేరు ర్యో, ఇంకోదాని పేరు రిత్సు. ఈ రెండూ ఆ గానంలోని స్వర వరసల పేర్లు. మనూళ్లో రెండు పంటకాలువలకు ఖరహరప్రియ, హరికాంభోజి అని పేరు పెట్టుకున్నట్టు! తమ్ముడు రెండు వాగుల దగ్గరా వంగి చెవి పెట్టాడు. ఏమైనా తేడా వినపడిందా అని అడిగితే, రిత్సు కొంచెం సన్నగా ఉంది అన్నాడు, నిజమే అయ్యుండొచ్చు, దానిలో రాళ్లు ఎక్కువ.

గుడి లోపల నాచు తోట. ఆకుపచ్చ దుప్పటి పరిచినట్టుంది. అందులోంచి చిన్న చిన్న రాతి బుడతలు తలలు పైకెత్తి నవ్వుతున్నాయి. గుడి వెనక కొండ ఎక్కితే పావుగంట నడకలో ఒతొనషి జలపాతం వస్తుంది. పేరుకు అర్థం చప్పుడు లేనిది అని. పన్నెండో శతాబ్దంలో ర్యోనిన్ అనే ఆచార్యుడు ఈ జలపాతం ముందు కూర్చుని సాధన చేసేవాడట. నీటి చప్పుడుకు ఆయన గొంతు అడ్డం పడేది, గొంతుకు నీళ్లు అడ్డం పడేవి. రోజులు గడిచి రెండూ ఎంతగా కలిసిపోయాయంటే చివరికి జలపాతం చప్పుడే వినిపించకుండా పోయిందట. మన భాషలో చెప్పాలంటే శ్రుతిలో లీనమైపోయింది. తంబూరా ముందు కూర్చున్న ప్రతివాడికీ ఈ కథ అర్థమవుతుంది. శ్రుతి కుదరనంత సేపే తంబూరా వినిపిస్తూ ఉంటుంది. నల్లటి రాతి మీద తెల్లటి జాలులా జారుతున్న ఆ నీళ్ల ముందు అక్క పావుగంట కళ్లు మూసుకుని కూర్చుంది. గొంతు బాగాలేదు కాబట్టి పాడలేదు.

దిగుతూ హోసెన్-ఇన్ అనే చిన్న గుడికి వెళ్లాం. టికెట్టుతో పాటే మచ్చా టీ, ఒక తీపి బిళ్ల ఇస్తారు. గదిలో కూర్చుంటే స్తంభాల మధ్య నుంచి ఏడు వందల ఏళ్ల దేవదారు లాంటి పైన్ చెట్టు పటం కట్టినట్టు కనిపిస్తుంది. అందరూ చెట్టునే చూస్తున్నారు. వసారా అంచున రెండు వెదురు గొట్టాలు నేలలోంచి పైకి వచ్చి ఉన్నాయి. ఒకావిడ వాటికి చెవి పెట్టి లేచి వెళ్లింది. నేను వెళ్లి చెవి పెట్టాను.

ఎక్కడో చాలా లోతున, గాజు గంటలు. ఒకటి, కాసేపాగి రెండు, మళ్లీ ఒకటి. వాటికి ఏ తాళమూ లేదు, అయినా ఒక్కటీ తప్పు చోట పడలేదు. ప్రతి చుక్క వెనకా గుమ్మని ఒక ఊగు. ఆ ఊగు నాకు తెలుసు. ఒంట్లో రోమాలు లేచాయి. అది కుండ. కుండ కాకపోతే ఇంకేదీ అలా పలకదు.

దీన్ని సుయికిన్‌కుత్సు అంటారని అక్కడి కాగితం మీద రాసుంది. నీటి వీణ గుహ అనుకోవచ్చు. జపాన్ చరిత్రలో 'ఎదో' అనే యుగం నాటి తోటమాలుల పనితనం. అడుగున చిల్లి పెట్టిన కుండను భూమిలో తలకిందులుగా పాతిపెడతారు. పైన చేతులు కడుక్కున్న నీళ్లు రాళ్ల సందుల్లోంచి దిగి, ఆ చిల్లిలోంచి చుక్కలుగా లోపల నిలిచిన నీళ్ల మీద పడతాయి. చుక్క చప్పుడుకు కుండలోని గాలి బదులు పలుకుతుంది. గాలి బాగానే ఉంది అన్న పెద్దాయన మాట అప్పుడే గుర్తొచ్చింది. మా వాళ్లు టీ తాగడం అయిపోయి చెప్పులేసుకుంటున్నా నేను ఆ వెదురు వదల్లేదు.

బస్టాండు దగ్గర షిబజుకె కొన్నాం. వంకాయ ముక్కలు, ఎర్ర షిసో ఆకులు ఉప్పులో ఊరబెట్టిన ఒహరా పచ్చడి. కారం లేదన్న మాటే గానీ పెరుగన్నంలోకి అద్భుతం. అక్క మూడు పొట్లాలు తీసుకుంది.

ఆరో రోజు: నార

నారలో మా బస ఒక జపాన్ అమ్మాయి ఇంట్లో. చెన్నైలో ఆరేళ్లు ఉండి మృదంగం నేర్చుకున్న పిల్ల. తమిళం బాగా మాట్లాడుతుంది. తెలుగులో కీర్తనల్లో వచ్చే మాటలే తెలుసు కాబట్టి, అక్కను చూడగానే "రావమ్మా" అంది. మాష్టారి కాళ్లకు దండం పెట్టింది. వాళ్ల నాన్నగారు వడ్రంగి పని చేసి మానేసిన మనిషి. రోజంతా కలిపి పది మాటలు మాట్లాడతారు.

జింకలు రోడ్ల మీదే తిరుగుతున్నాయి, బిస్కెట్టు చూపిస్తే తల వంచుతాయి. అవి దాటుకుని తోదాయ్‌జి వెళ్లాం. దాదాపు 15 మీటర్ల కంచు బుద్ధుడు. ఆ బుద్ధుడికి కళ్లు తెరిపించిన చెయ్యి ఎవరిదో తెలుసా? మన దేశపు భిక్షువు బోధిసేనుడిది. 736లో చైనా మీదుగా జపాన్ వచ్చాడు, ఇక్కడివాళ్లు బ్రాహ్మణ ఆచార్యుడని పిలిచారు. 752లో ఆయన కుంచె పట్టుకుని కనుపాపలు దిద్దుతుంటే, ఆ కుంచెకు కట్టిన దారాలను కింద ఉన్న జనం పట్టుకున్నారు, అందరూ కలిసి కళ్లు తెరిపించినట్టు. ఆ కుంచె, ఆ దారాలు ఇప్పటికీ షోసోయిన్ ఖజానాలో భద్రంగా ఉన్నాయి. ఆ రోజు జపాన్, కొరియా, చైనా, చంపా దేశాల సంగీతాలు, నాట్యాలు జరిగాయట. బుద్ధుడి ముందున్న ఎనిమిది పలకల కంచు దీపస్తంభం ఆ కాలానిదే. దాని పలకల మీద బోధిసత్త్వులు వేణువు ఊదుతూ, తాళాలు వేస్తూ ఉన్నారు. కచేరీకి దేశాంతరం వెళ్లడం మనతో మొదలైందేమీ కాదు అని మాష్టారు ఆ తాళాలకేసి చూస్తూ అన్నారు.

మధ్యాహ్నం ఆ అమ్మాయి మమ్మల్ని గగాకు వాయించే ఒకాయన ఇంటికి తీసుకెళ్లింది. గగాకు అంటే రాజాస్థాన సంగీతం. ఆయన వాద్యం షో: గుండ్రంగా నిలబెట్టిన 17 వెదురు గొట్టాలు, రెక్కలు ముడిచిన పక్షిలా ఉంటుంది. వాయించే ముందు చిన్న కరెంటు పొయ్యి మీద దాన్ని తిప్పుతూ వెచ్చబెట్టారు. ఊపిరి తడికి లోపలి రీడ్లు చెమర్చి మూగబోతాయట. మన డప్పు మంట మీద కాచినట్టే అని నేను, అది తోలు బిగియడానికి, ఇది తడి ఆరడానికి అని మాష్టారు. ఆయన ఊదారు. ఒకేసారి అయిదారు స్వరాలు, తెల్లవారుజాము వెలుగులా మెల్లగా పెరిగి మెల్లగా తగ్గాయి. పది నిమిషాలు వాయించి మళ్లీ పొయ్యి మీద పెట్టుకున్నారు. సంగీతం కంటే ఆ వెచ్చబెట్టడంలో ఆయన చూపించిన ఓపిక నాకు ఎక్కువ గుర్తుండిపోయింది.

రాత్రి చివరి కచేరీ. అక్క గొంతు విప్పుకుంది. మోహన ఎత్తుకోగానే జనంలో చిన్న కదలిక, తమ ఊరి పాట ఎక్కడో విన్నట్టు.

ఏడో రోజు: నార, ఆ ఇంటి పెరడు

పొద్దున టీ దగ్గర చీలిన ఘటం సంగతి వచ్చింది. దాన్ని మళ్లీ విజయవాడ దాకా మోసుకెళ్లి ఏం చేయాలో తెలియడం లేదన్నాను. క్యోతోలో విరిగిన గిన్నెలను బంగారంతో అతికినవి చూశాం. కంటికి అందంగా ఉన్నాయి గానీ, అతికిన కుండ మోగదు. ఒహరాలో విన్నదాని గురించి చెప్పాను. ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారికి జపాన్ భాషలో ఏదో చెప్పింది. ఆయన లేచి పెరట్లోకి వెళ్లారు. కాసేపటికి మట్టి తవ్వుతున్న చప్పుడు.

చిల్లి పెట్టాలి. ఆయన డ్రిల్లు తెచ్చారు. ఘటం ఒళ్లో పెట్టుకుని నేను పట్టుకున్నాను, రోజూ వాయించడానికి పట్టుకున్నట్టే, కాకపోతే అడుగు పైకి. ఆయన నీళ్లు చుక్కలు చుక్కలుగా పోస్తూ మెల్లగా తిప్పారు. మానామదురై మట్టిలో లోహపు రజను కలుపుతారు, తొందరగా లొంగదు. నా పొట్టకు ఆ అదురు తగులుతూ ఉంది. అరగంట పట్టింది. చిటికెన వేలు దూరేంత చిల్లి పడింది. ఆయన ఇసుక కాగితంతో దాని అంచు లోపలివైపు నున్నగా రుద్దారు, ఎన్నిసార్లు రుద్దారో లెక్కలేదు.

గోతిలో గులకరాళ్లు, వాటి మధ్య నీళ్లు నిలవడానికి ఒక మట్టి మూకుడు, దాని మీద మూతి కిందికి పెట్టి ఘటం. చుట్టూ మట్టి మెత్తి, చీలిక ఉన్న వైపు ఆయన చేత్తోనే గట్టిగా అదిమారు. పైన నది రాళ్లు పేర్చి, పక్కన వెదురు గొట్టం దించారు. చెంబుతో నీళ్లు పోశారు. చెవి పెట్టాను. జలజలమని జారిపోవడం తప్ప ఏమీ లేదు. నీళ్లు గోడ పట్టుకుని దిగిపోతున్నాయి. రాళ్లన్నీ తీసి, మళ్లీ అంచు రుద్ది, మళ్లీ పేర్చారు. రెండోసారి 'టప్ టప్' అంది, లోపల నీళ్లు చాల్లేదు. మధ్యాహ్నం భోజనానికి కూడా ఆయన లోపలికి రాలేదు. అక్క షిబజుకె, అన్నం గిన్నెలో పెట్టి అక్కడికే తీసుకెళ్లి ఇచ్చింది.

ఎండ గోడ మీదికి ఎక్కే వేళకు ఆయన మళ్లీ ఒక చెంబు పోసి వెదురుకు చెవి పెట్టారు. చాలాసేపు కదల్లేదు. తర్వాత పక్కకు జరిగి, నన్ను రమ్మని చేత్తో చూపించారు.

పలికింది. ఒహరా గుడిలోలా గాజు గంట కాదు, ఇంకా బొద్దుగా, తడిగా. చుక్క పడ్డాక ఊగు పొడుగ్గా సాగి మట్టిలోకి దిగిపోతోంది. ఆరు రోజుల కింద 'బొక్' అన్న కుండే ఇది. నా వల్ల కాలేదు, కళ్లు తుడుచుకుని తమ్ముడికి ఇచ్చాను. తమ్ముడు ఆ అమ్మాయికి, ఆ అమ్మాయి మాష్టారికి. మాష్టారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, మోకాళ్ల మీద వంగి విన్నారు. ఆరు చుక్కలో ఏడు చుక్కలో పడేదాకా ఉన్నారు.

"అర శ్రుతి దిగిందిరా" అన్నారు. "నాలుగున్నర."

మర్నాడు పొద్దున్నే కన్సాయ్ విమానాశ్రయానికి బయల్దేరాలి. సామాను సగం సర్దడం అయింది, శ్రుతిపెట్టె సూట్‌కేసు అడుగున ఎక్కడో ఉంది. అక్క వసారా మెట్టు మీద కూర్చుని వెదురు గొట్టానికి చెవి పెట్టింది. ఆ ఇంటి పెద్దాయన ఇంకో చెంబు నీళ్లు పోశారు. అక్క షడ్జం వెతుక్కుంది, పట్టుకుంది. మెల్లగా మోహన ఎత్తుకుంది, నాలుగున్నరలో.